లారెట్ పచ్చిక మీదుగా

మంచు సరిగ్గా కురవడం మానేశాక మా లోయలో స్కీయింగు వాళ్లను కొండెక్కించే రోప్‌వే మూతపడింది. చలికాలమంతా దాని మోటారు పక్కన కూర్చునే లదీనా అప్పటికి నలభై దాటిన మనిషి. పని పోయిందని ఏడుస్తూ కూర్చోలేదు, సైకిలు బయటికి తీసింది. వంగిన హ్యాండిలు, లావు టైర్లు ఉన్న గ్రావెల్ సైకిలు అది. తారు మీద ఎలా పోతుందో కంకర మీదా అలాగే పోతుంది. ఆ వేసవంతా పాత దారులు వెతుక్కుంటూ తిరిగింది. దుంగలు లాగిన అడవి బాట, ఎండుగడ్డి బళ్లు దిగిన బాట, ఏ యుద్ధమో వస్తుందని సైనికులు వేసి, వాడకుండానే వదిలేసిన బాట. వాటిని ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే లోయ పైకొసన ఉన్న క్రూషా నుంచి కింద ప్రదెల్ దాకా తారురోడ్డు తగలకుండా దిగిపోవచ్చు. సైకిళ్ల వాళ్లు వస్తే ఖాళీగా పడున్న బసలు మళ్లీ తెరుచుకుంటాయని ఊరి పెద్దలు కూడా సరేనన్నారు.

ఒక్కచోట ఆ దారి తెగింది. లారెట్ పచ్చిక దగ్గర.

లారెట్, దూరి అనే పశువుల కాపరిది. అతని తాతల నాటి నుంచీ వాళ్లదే. జూన్‌లో ఆవుల్ని పైకి తోలుకెళ్లి, చలి ముదిరాక దింపుతాడు. ఆ మధ్య నెలలన్నీ కొండ మీది గుడిసెలోనే వంట, పడక, చీజ్ కాచడం. పెళ్లి చేసుకోలేదు. కింద ప్రదెల్లో అక్క మెంజా ఉంది. ఒక వేసవిలో ఎవరో ఇద్దరు కుర్రాళ్లు సైకిళ్ల మీద చప్పుడు లేకుండా వెనకనుంచి దూసుకొస్తే, బెదిరిన పెయ్య ఒకటి వాగులోకి దొర్లి చచ్చిపోయింది. ఆ సాయంత్రమే దూరి పచ్చిక కింది గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాడు.

లదీనా గేటు తెరవమని అడగడానికి వెళ్లింది.

“సైకిలు దిగి నడవమని బోర్డు పెడతాను దూరి మావా.”

“ఎక్కినవాడు దిగుతాడా అమ్మాయ్? మన ప్రెసిడెంటు దిగాడా?”

“నేను దిగుతున్నానుగా!”

“నువ్వు కాఫీ కోసం దిగుతావు.”

కాఫీ మాత్రం పోశాడు. అదిగో, ఆ కాఫీ వంకతోనే ఆమె వారం వారం వెళ్లడం మొదలుపెట్టింది. ప్రదెల్ నుంచి కంకర దారిన ఎక్కి, గేటు పక్క కంచెకు సైకిలు ఆనించి, గేటు ఎక్కి దూకి, గుడిసె దాకా నడిచేది. గేటు ముందర దారి కాస్త వాలుగా ఉంటుంది. అక్కడ తొక్కడం ఆపగానే ఆమె సైకిలు వెనక చక్రంలోని ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటూ కీచురాయిలా మోగేది.

“దానికి కాస్త గ్రీజు పెట్టొచ్చుగా? చెవులు తూట్లు పడుతున్నాయి.”

“పెడితే నోరు మూసుకుంటుంది మావా. నోరు లేని సైకిలుకేగా నీ పెయ్య బెదిరింది?”

దూరి చెవులు మూసుకున్నాడు. ఆవులు మాత్రం వినేవి. మొదట్లో తలెత్తి చూసి ఊరుకునేవి. తర్వాత్తర్వాత ఆ చప్పుడు వినగానే కంచె దగ్గరికి వచ్చేసేవి. హ్యాండిలు పట్టీలో ఇంకిన చెమట ఉప్పుకు అవి మరిగాయి. అన్నిటికన్నా పెద్దది, మందకు ముందు నడిచే బ్రూనా, ఆ పట్టీని కళ్లు మూసుకుని నాకేది.

“చూశావా, గడ్డి మానేసి నీ చెమట నాకుతున్నాయి. నా చీజ్ ఎవడు తింటాడిక?” అని దూరి గొణిగేవాడు. కానీ ఆవుల్ని అదిలించేవాడు కాదు.

సెప్టెంబరు చివర్లో ఒక రోజు, పొద్దుటే ప్రదెల్లో ఎండ కాసింది. లదీనా బయలుదేరింది. అడవి సగం ఎక్కేసరికి మబ్బు కొండ మీంచి దిగి వచ్చి ఆమెను లోపలికి తీసుకుంది. ముందు చెట్ల కొనలు పోయాయి, తర్వాత చెట్లు పోయాయి, చివరికి ముందు చక్రం, దాని కింద కదిలే కంకర, ఇవే మిగిలాయి. లార్చ్ చెట్లు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. వాటి సూదుల్లాంటి ఆకులు ఎక్కడినుంచో రాలి చేతుల మీద పడుతున్నాయి. ఎక్కుతున్నానో, ఉన్నచోటే ఉండి చక్రాలు తిప్పుతున్నానో ఆమెకు తెలియలేదు. భయమూ వెయ్యలేదు. చిన్నప్పుడు జ్వరంలో పడుకుని ఇంట్లో వాళ్ల మాటలు దూరంగా వింటూ ఉన్నట్టు, హాయిగానే ఉంది.

గేటు దగ్గరికి ఒక్క ఆవూ రాలేదు.

గుడిసె మెట్టు మీద దూరి కూర్చుని ఉన్నాడు. కుడికాలు బారజాపి ఉంది. మోకాలు గుమ్మడికాయంత వాచింది.

“ఏమైంది మావా?”

“జారాను. పాలబిందె దొర్లింది, దాంతో నేనూ దొర్లాను. అది బాగానే ఉంది.”

“మెంజత్తకి చెప్పావా?”

“ఈ మబ్బులో ఫోను పలుకుతుందా? పొద్దుట్నుంచీ అరుస్తున్నాను. మంద పై పచ్చికలో ఉంది. కుక్క వసంతంలోనే పోయె, కొత్తది తేలేదు. వాసన చూడు, మంచు వస్తోంది.”

వాసన ఆమెకూ తెలిసింది, తడిసిన ఇనుము వాసన. పై పచ్చిక అంచు నిలువునా వాగులోకి దిగుతుంది. మంచు పడితే ఆవులు ఆ అంచు వైపే నక్కుతాయి, గాలి తగలదని.

లదీనా పైకి పరుగెత్తింది. పిలిచింది. బ్రూనా పేరు పెట్టి పిలిచింది. ఆమె గొంతు ఆమె దగ్గరే ఆగిపోయింది. ఎక్కడో ఆవు మెడగంట ఒకటి మోగింది. అటు వెళ్తే అది ఇటు మోగింది. అప్పుడే మొదటి మంచు రేకులు, చప్పుడు లేకుండా.

అప్పుడు ఆమె గేటు దగ్గరికి దిగి, సైకిలును గేటు మీంచి ఎత్తి ఇవతల దించింది. భుజాన వేసుకుని పై పచ్చిక దాకా మోసింది. అక్కడ కిందికి దించి, పెడలు తిరగనివ్వకుండా ముందుకు నెట్టుకుంటూ నడిచింది. టిక్‌టిక్‌టిక్. నాలుగడుగులు నెట్టి ఆగడం, వినడం, మళ్లీ నెట్టడం.

మబ్బులో ఒకచోట ముదురు రంగు తేలింది. అది తలయింది, కొమ్ములయింది, బ్రూనా అయింది. తిన్నగా వచ్చి హ్యాండిలు మీద నాలుక వేసింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నేల లేదు, ఆకాశం లేదు, ఆ తెలుపులోంచి ఆవులు ఒక్కొక్కటే పుట్టి వస్తున్నట్టుంది. ఇరవై దాకా ఉంటాయి. లదీనా వెనక్కి తిరిగి సైకిలు నెట్టుకుంటూ దిగింది. గంటలన్నీ ఆమె వెంట దిగాయి.

మందను చూసి దూరి ముఖం తిప్పుకుని చాలాసేపు ముక్కు చీదాడు.

“ఇప్పుడు నువ్వెలా దిగుతావు?” అంది లదీనా.

“నేను ఇక్కడే ఉంటాను. మందని తీసుకుపో.”

“నోర్ముయ్ మావా. ఎక్కు.”

“దేని మీద?”

ఆమె సీటు అడుగుదాకా దించింది. దూరి సైకిలునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. “ఊళ్లో వాళ్లు చూస్తే నా పరువేం కావాలి?” అన్నాడు. అని, గోడ పట్టుకుని లేచి, ఎక్కాడు.

ఆమె పక్కన నడుస్తూ ఒక చేత్తో సీటు, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుంది. బ్రేకులు అతని చేతుల్లో ఉన్నాయి. వాచిన కాలు గాల్లో, రెండో కాలు నేల మీద ఈడ్చుకుంటూ. చక్రం తిరిగింది, టిక్‌టిక్ మొదలైంది, బ్రూనా కదిలింది, వెనక మందంతా కదిలింది. గేటు దగ్గర అతను చేతులు వదలలేడు కాబట్టి ఆమే అతని కోటు జేబులో వెతికింది. పురికొస, చాకు, చీజ్ పెచ్చులు, అన్నిటి కిందా తాళంచెవి. చివరి ఆవు దాటాక గేటు మూసి గొలుసు చుట్టబోయింది.

“వద్దులే, వదిలెయ్,” అన్నాడు దూరి, వెనక్కి తిరక్కుండానే.

అడవిలో మంచు మెత్తగా పడుతోంది. కంకర మీద తెల్లటి పొర, దాని మీద పసుపు ఆకులు, వాటి మీద మళ్లీ తెలుపు. ఆవుల ఊపిరి వెచ్చగా వాళ్ల వీపులకు తగులుతోంది.

“అమ్మాయ్, నేను నిద్రపోతున్నానా?”

“లేదు మావా.”

“మా నాన్న ఈ దారిన నన్ను బండిలో ఎండుగడ్డి మోపు మీద కూర్చోబెట్టి దింపేవాడు. ఇలాగే ఉండేది. కింద ఏదో పోతున్నట్టు, మనం పోనట్టు.”

“బ్రేకు పట్టు, మలుపు వస్తోంది.”

పట్టాడు. కాస్త గట్టిగానే పట్టాడు, ఇద్దరూ పడబోయి నిలదొక్కుకున్నారు. దూరి నవ్వాడు. అతను నవ్వగా లదీనా ఎప్పుడూ వినలేదు.

అడవి చివర మబ్బు ఒక్కసారిగా తలల మీదికి లేచిపోయింది. కింద ప్రదెల్ తడి ఎండలో మెరుస్తోంది. గంటలు విని మెంజా పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తమ్ముణ్ని సైకిలు మీద చూసి చేతిలో చాట వదిలేసింది.

“ఓరి నీ మొహం మండా! ఈ వయసులో సర్కసులో చేరావట్రా?”

“అరవకే. ఆవులు బెదురుతాయి,” అన్నాడు దూరి.

ఆ సాయంత్రం మెంజా వంటింట్లో బార్లీ సూపు తాగుతూ తాగుతూ అతను చెంచా చేతిలో ఉండగానే నిద్రపోయాడు.

మరుసటి వేసవిలో దారి తెరిచారు. లారెట్ దగ్గర తాళం లేదు. పచ్చిక దాటేంతవరకు తొక్కకుండా, ఫ్రీవీలు మోగిస్తూ నెమ్మదిగా వెళ్లాలని దూరే షరతు పెట్టాడు. నోరు లేని సైకిళ్ల వాళ్లు దిగి నడవాలి. తిట్టు తినకుండా దాటినవాళ్లు తక్కువే, కానీ దాటారు. క్రూషాలో రెండు బసలు తెరుచుకున్నాయి. దూరి మోకాలు నయమైంది గానీ కాస్త వంకర మిగిలింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఇద్దరూ గుడిసె ముందు బల్ల మీద కూర్చున్నారు. ఎండ బాగా కాస్తోంది. దూరి ఉన్నట్టుండి అడిగాడు:

“ఆ రోజు మబ్బులో మనం ఎంతసేపున్నామంటావు?”

లదీనా ఆలోచించింది. “ఏమో మావా. నాకు తెలీదు.”

“నాకూ తెలీదు,” అన్నాడు దూరి తృప్తిగా. మోకాలి మీద రొట్టె పెట్టుకుని, చీజ్ ముక్క కోసి ఆమెకిచ్చాడు.