తాగొద్దన్న కల్లు

తరగతిలో చదివిన విషాదనాటకంలో, ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవడానికి నాయిక ఒంటరిగా చచ్చినట్టు పడుకోబెట్టే మత్తుమందు మింగింది. అది నిజం చావు కాదని తెలియక ప్రియుడు, అతని వెనకే ఆమె మరణించారు. అందరూ కంటతడి పెడితే ఉజోఅమాకాకు కోపమొచ్చింది.

ఇప్పుడు ఎనుగు పట్నంలోని లారీల వ్యాపారి ఒకడు ఆమెను పెళ్లికి అడుగుతూ కల్లు తెచ్చాడు. ఆచారం ప్రకారం పిల్ల ఒప్పుకుంటేనే పెద్దలు దాన్ని తాగాలి. ఆమె మనసిచ్చిన ఇఫెడి ఇంటికీ, వీళ్ల ఇంటికీ పొలం తగాదాతో మాటలు తెగిపోయాయి.

"తాగమంటావా, తల్లీ?" అన్నాడు తండ్రి.

"ఊఁ అనవే, గొంతెండిపోతోంది!" అన్నాడు పెదనాన్న. అంతా నవ్వారు.

నాటకంలో ఆ పిల్లను ఎవరూ అడగలేదు. తనను అడుగుతున్నారు.

"తాగొద్దు నాన్నా. ఇఫెడినే చేసుకుంటాను."

"ఆ ఇంటి కల్లు నా గొంతు దిగదు," అన్నాడు తండ్రి.

"అయితే ఇంకెవరి కల్లూ తాగమనను," అంది ఆమె, అక్కడే నిలబడి.