రెండు సీట్ల బరువు

ముందు ఎడమ టైరులోంచి గాలి బుస్సుమంటూ పోతుంటే, ఆ ఎర్ర కారు జూలూరుపాడు దాటి కుంటుకుంటూ వచ్చి సరిగ్గా సీతయ్య షెడ్డు ముందు చతికిలబడింది. అక్కణ్ణుంచి అవతలంతా అడవి. అడవిలో ఆగాల్సిన కారు ఇక్కడ ఆగిందంటే ఎవరి పుణ్యమోననుకున్నాడు సీతయ్య. భార్య శారద పోయిన ఈ నాలుగేళ్లలో అతనికి అబ్బిన గుణం అది. జరగకుండా తప్పిపోయిన చెడును కూడా మంచి కిందే తలుచుకుంటాడు.

కారు ముచ్చటగా ఉంది. రెండే సీట్లు, మడిచిపెట్టుకునే గుడ్డ టాపు, చీమ కూడా తల వంచి దూరాలన్నంత కిందికి దించిన ఒళ్లు. డ్రైవరు వైపు నుంచి తెల్లపంచె పెద్దాయన ముందు ఒక కాలు, ఆనక రెండో కాలు బయటపెట్టి, తలుపు పట్టుకుని లేచాడు. ఎడమవైపున కూర్చున్న ఆయన భార్య వెంటనే దిగలేదు. ఒళ్లో ఉన్న పచ్చడి జాడీ కిందికి అందించింది. కాళ్ల దగ్గరున్న కొబ్బరికాయల సంచి అందించింది. సీటు వెనక ఇరికించిన బియ్యం మూట లాగించింది. అప్పుడు దిగింది.

ఆమె దిగగానే చక్రం మీది రేకు రెండు వేళ్లు పైకి లేచింది. అది సీతయ్య కంట పడింది కానీ, అప్పటికి ఊరుకున్నాడు.

"అయిపోయింది. మూడో జత కూడా అయిపోయింది. ఉదయ్‌కి ఫోన్ చేసి కారు తీసుకోమని చెప్పండి" అందామె.

"ఉండు నిర్మలా, కాస్త ఊపిరి పీల్చుకోనీ."

"మాటిచ్చారా లేదా? ఈ జత కూడా ఏడాది లోపల అరిగితే అమ్మేస్తానన్నారా లేదా?"

"అన్నాను."

పెద్దాయన పేరు వెంకటనారాయణ, మధిర దగ్గర మిరప రైతు. ఆ కారు నిరుడు హైదరాబాదులో ఒక కుర్రాడి దగ్గర కొన్నాడు. సోకు కోసం స్ప్రింగులు కోయించి కారును నేలకు దించింది ఆ కుర్రాడే. కొన్నప్పటి నుంచీ ముందు టైర్లు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేలోపే లోపలి అంచున అరిగిపోతున్నాయి. భద్రాచలంలో వాళ్ల మేనల్లుడు ఉదయ్ భాస్కర్ ఈ కారు మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నాడు. ఈ ప్రయాణం అక్కడికే.

సీతయ్య చక్రం విప్పి టైరును ఒళ్లో పెట్టుకుని నిమిరాడు. బయటి సగం కొత్తదానిలా ఉంది. లోపలి అంచున తీగలు తేలాయి.

పక్కనే లేత్ మిషన్ నడిపే జంపయ్య గుడ్డకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "గిదేంది సీతన్నా, గింత పొట్టి బండి? కింద పండి నడుపుతరా ఏంది?"

"నువ్వు జర ఊకో" అని, సీతయ్య పెద్దాయన వైపు తిరిగాడు. "చక్రాల అలైన్‌మెంట్ చేయించిండ్రా సారూ?"

"మూడుసార్లు! కంప్యూటర్ మీద. ఇదిగో కాయితం." జేబులోంచి మడతలు తీసిచ్చాడు. అందులో అంకెలన్నీ పచ్చగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివిన సీతయ్య ఆ కాయితాన్ని రెండుసార్లు చదివాడు. కాయితం అబద్ధం చెప్పడం లేదు. టైరూ చెప్పడం లేదు.

"కంప్యూటర్ ఎక్కించిననాడు అమ్మగారు కూడ వచ్చిండ్రా?"

"ఆవిడెందుకొస్తుంది షెడ్డుకి?"

"సామాను ఉన్నదా బండిల?"

నిర్మలాదేవి అందుకుంది. "షెడ్డుకు వెళ్లే బండిలో ఇంటి సామాను ఉంచుతారా ఎక్కడైనా? మొత్తం దింపించి, తుడిపించి, బొట్టు పెట్టి పంపిస్తాను."

సీతయ్యకు నవ్వొచ్చింది. "అమ్మా, జూలూరుపాడు నుంచి బస్సు సాయంత్రం దాకా ఉన్నది. అప్పటిదాక నాకు టైం ఇయ్యండి. బాగయ్యిందని మీ కండ్లతోని చూస్తెనే కార్ల పోండి. లేకుంటె నేనే బస్సెక్కిస్త."

ఆమె భర్త మొహం చూసింది. పరీక్ష ఫలితాలకు నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడాయన. "సరే, సాయంత్రం దాకా" అంది.

సీతయ్య షెడ్డులో కంప్యూటర్ లేదు. ఉన్నది చదునైన గచ్చు ఒక్కటే. అది పోయించిన రోజు నీళ్ల గొట్టం ఒక కొస అతను పట్టుకుంటే, రెండో కొస శారద పట్టుకుంది. గొట్టంలో నీళ్లు రెండు కొసలా ఒకే ఎత్తున నిలిచేదాకా పొద్దంతా కదలనివ్వలేదామె. ఇరవై ఏళ్లయినా ఆ గచ్చు మీద గోలీ పెడితే దొర్లదు.

స్టాండుల్లో అదే సైజు టైర్లు రెండున్నాయి. అవి బిగించి, కారును గచ్చు మీదికి తోసి, రెండు పక్కలా నైలాన్ దారం లాగి కట్టాడు. చక్రం ముందు అంచు నుంచి దారానికి ఎంత దూరమో, వెనక అంచు నుంచి ఎంతో స్కేలుతో కొలిచాడు. రెండూ సమానం.

"చూసిండ్రా? ఖాళీ బండి బంగారం. ఇగ సామానంత ఎక్కించండి. మీరిద్దరు కూడ కూసోండి."

"మేమెందుకు?" అంది నిర్మలాదేవి.

"మీ బరువు చెప్తె మీ బదులు ఇసుక బస్తాలు పెడతమమ్మా" అన్నాడు జంపయ్య.

"అక్కర్లేదు, కూర్చుంటాను!"

బియ్యం మూట, కొబ్బరికాయలు, పచ్చడి జాడీ, ఆమె, ఆయన. కారు ఉస్సురంటూ కిందికి దిగింది. చక్రాల తలలు లోపలికి వాలాయి, ముక్కులు చెరో పక్కకు తిరిగాయి. సీతయ్య మళ్లీ స్కేలు పెట్టి జంపయ్యకు చూపించాడు. ముందు అంచు దారానికి దగ్గరైంది, వెనక అంచు దూరమైంది.

"ఓర్నీ! గీ చక్రాలు రెండు ఆలుమొగుడు అలిగినట్టు చెరో దిక్కు చూస్తున్నయ్" అన్నాడు జంపయ్య.

"మామూలు కారుకు ఈ కొంచెం బరువు ఒక లెక్క కాదు సారూ. మీది అసలే కిందికి దించిన బండి, ఇంక దిగితె చక్రం వంకర పోతది. ఖాళీ బండికి లెక్క కట్టిండ్రు వాళ్లు. రోడ్డు మీద ఖాళీ బండి ఏనాడు తిరగలే."

"ఎత్తు లేపితె పాయె గదా?" అన్నాడు జంపయ్య.

"లేపితే ఆటోలా ఉంటుందయ్యా!" పెద్దాయన గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఇద్దర్నీ దింపి సీతయ్య పనిలో పడ్డాడు. చక్రం తల బయటికి నెట్టడానికి నడుము ఒక పక్క ఉబ్బిన బోల్టులు కావాలి. గట్టి ఉక్కు కడ్డీ తీసుకుని జంపయ్య గంటన్నరలో లేత్ మీద అలాంటివి రెండు తిప్పిచ్చాడు. అవి బిగించాక చక్రాలు సులువుగా కదిలేలా వాటి కింద గ్రీజు రాసిన రేకులు పెట్టి, దంపతుల్ని సామానుతో సహా మళ్లీ ఎక్కించాడు.

"ఇగ కదలొద్దు. నేను పక్కకు పండి, చక్రం ఎనక చెయ్యి పెట్టి స్టీరింగ్ రాడ్లు తిప్పుత. కొలవాలె, తిప్పాలె, మళ్ల కొలవాలె. జర ఓపిక పట్టండి."

రోడ్డు కవతల మోదుగులు విరగబూసి ఉన్నాయి.

"ఏం చూసి కొన్నారండీ దీన్ని? ఈ వయసులో" అంది నిర్మలాదేవి.

"నీకు చెప్తే నవ్వుతావు."

"ఇప్పుడు మాత్రం ఏడుస్తున్నానా?"

"పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లు. జీపున్నప్పుడు నేను ముందు, నువ్వు వెనక మా అమ్మ పక్కన. అంబాసిడర్ కొంటే మా చెల్లెళ్లు, వాళ్ల పిల్లలు. నీ పక్కన కూర్చుని ఒక్క ఊరికి వెళ్లానా నేను? దీనిలో మూడో మనిషికి చోటు లేదు. అందుకే కొన్నాను."

కింద సీతయ్య చేతిలో స్పానర్ ఆగిపోయింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అందామె. "ఈ సామానంతా ఎక్కించేదాన్నే కాదు... ఏమయ్యా సీతయ్యా, అయిందా?"

ఆఖరి నట్టు అప్పటికే బిగిసింది. దారం దగ్గర అంకెలు వెంట్రుక తేడా లేకుండా కుదిరాయి. శారద ఉంటే ఏం చెప్పమనేదో సీతయ్యకు తెలుసు.

"ఇంకో పావుగంటమ్మా" అన్నాడు.

ఆ తర్వాత లేచి, టైర్ల మీద అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుద్దముక్కతో లావాటి గీతలు గీశాడు. "కొత్తగూడెం దిక్కు కొద్ది దూరం పోయి రండి. చక్రం వంకరుంటె లోపలి గీతే చెరుగుతది."

కారు వెళ్లింది. వాళ్లు వచ్చేదాకా సీతయ్య, జంపయ్య షెడ్డు ముందు నిలబడే ఉన్నారు. కారు తిరిగొచ్చి ఆగీ ఆగకముందే నిర్మలాదేవి దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని టైరు ముందు వంగింది. గీత ఈ చివర నుంచి ఆ చివరకు ఒకేలా పలచబడింది. రెండో టైరు కూడా చూసింది. వేలితో తడిమి మరీ చూసింది.

"ఉదయ్‌కి ఫోన్ చేయనా?" అన్నాడు వెంకటనారాయణ భయంభయంగా.

"చేయండి. మనం వస్తున్నామనీ, కారు రావడం లేదనీ చెప్పండి."

జంపయ్య ఈల వేశాడు.

కూలి ఇచ్చాక నిర్మలాదేవి పండుమిరప పచ్చడి జాడీ తెచ్చి సీతయ్య చేతిలో పెట్టబోయింది.

"వద్దమ్మా. ఆ జాడీతోనే లెక్క కట్టిన. తీస్తె బరువు తప్పుతది" అన్నాడతను నవ్వుతూ.

ఆమె రోడ్డు పక్కకు వెళ్లి రాయి ఒకటి ఎత్తి చూసి వద్దని వదిలేసి, ఇంకోటి ఎత్తింది. ఒక చేత జాడీ, ఒక చేత రాయి పట్టుకుని తూచి చూసుకుంది. జాడీ షెడ్డులో బల్ల మీద పెట్టి, రాయిని ఒళ్లో పెట్టుకుని కారెక్కింది.

"ఇప్పుడు సరిపోయిందా సీతయ్యా?"

"సరిగ్గ సరిపోయిందమ్మా!"

మోదుగు పూల మధ్య ఆ ఎర్ర కారు చివరికి ఏది పువ్వో ఏది కారో తెలియకుండా వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం సీతయ్య, జంపయ్య వేడి అన్నంలో పండుమిరప పచ్చడి కలుపుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపకుండా తిన్నారు.