గేటు దాటిన కడుపులు

రొయ్యల షెడ్డు గేటు దగ్గర వదిన చేతులు జోడించి నిలబడింది. ఏడో నెల. పాదాలు చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బాయి.

"తల పగిలిపోతోందయ్యా, కళ్ళు మసకలేస్తున్నాయి. పరీక్షకి పోయి గంటలో వచ్చేస్తా."

"నువ్వు పోతే నీ వెనక ఇంకో పదిమంది బయల్దేరతారు," అన్నాడు కంట్రాక్టర్. "లోడు పాడైతే మీ ఆయనొచ్చి వలుస్తాడా? నొప్పులొచ్చినప్పుడు పోదువుగాని. ఇప్పుడు పోయావో, రేపట్నించి రానక్కర్లేదు."

పక్కనే ఉన్న ఆడపడుచు నోరు తెరవబోయింది. ఉన్నమాట మొహమ్మీదే అనేస్తుందని షెడ్డంతా ఆమెను గయ్యాళి అనేవాళ్ళు. తనూ కడుపుతోనే ఉంది. వదినే చెయ్యి పట్టి ఆపింది. "ఊరుకోవే, నీ పనీ పోతుంది."

ఇద్దరూ మళ్ళీ ఐసునీళ్ళలో నిలబడి రొయ్యలు వలిచారు. మధ్యాహ్నం వదిన గచ్చు మీద పడి గిలగిలా కొట్టుకుంది. ఫిట్స్. ఆడవాళ్ళు మోసుకుంటూ పరుగెత్తారు. ఆస్పత్రి గుమ్మంలోనే తల్లీ బిడ్డా పోయారు.

"ముందే వచ్చి బీపీ చూపించుకోవద్దూ? మీకెంత చెప్పినా అంతే," అంది నర్సు.

గయ్యాళి నర్సు మీదికి వెళ్ళింది. "పోయిన నెల వచ్చిందిగా! కంపు కొడుతోందని వరండా చివర కూర్చోబెట్టి, సాయంత్రం పొమ్మన్లేదూ? ఇవాళ షెడ్డు గేటు దాకా వచ్చింది, కంట్రాక్టర్ పోనివ్వలేదు. మేమెంత వచ్చినా అంతే!"



మట్టి చేసి వచ్చాక షెడ్డు ఆడవాళ్ళంతా వాకిట్లో కూడారు.

"ఎదురు తిరిగితే రేపు పొయ్యిలో పిల్లి లేవదు," అందొకతె. "దాని రాత అంతే అనుకోవాలి."

మూల నుంచి గయ్యాళి తల్లి, ముసలమ్మ, లేచింది. "రాత కాదే. మేం కనలేదా, పరీక్షలెందుకని నేనూ దెప్పాను. నేను కన్నవాళ్ళలో ముగ్గురు మట్టిలో ఉన్నారు. అది మాత్రం ఏనాడూ కోడలికి చెప్పలేదు."



"ఏడ్చింది చాలు," అంది గయ్యాళి. "ఆ కంట్రాక్టర్‌కి మనకన్నా రొయ్య ముద్దు. ఆ రొయ్య కుళ్ళాలి."

మర్నాడు లోడు దిగింది. ముసలమ్మతో సహా అందరూ లోపలికెళ్ళి, బల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఐసు కరిగింది. కంట్రాక్టర్ తిట్టాడు, బెదిరించాడు. కంపు మొదలయ్యేసరికి దిగొచ్చాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటా తల్లీ, చెయ్యేయండి."

"మా కాళ్ళెందుకు? నీ బూట్లు విప్పు. మా వదిన నిలబడ్డ చోట నిలబడు."

వాడు నవ్వాడు. ఆడవాళ్ళు ఒక్కో అడుగూ దగ్గరికి జరిగారు. నవ్వు ఆగింది, బూట్లు ఊడాయి. కొత్తగా ఐసు పోసిన నీళ్ళలో వాడి పెదాలు నల్లబడుతుంటే చూసి ఒక్కరూ అయ్యో అనలేదు. గయ్యాళి గుండెల్లో మంట మాత్రం చల్లారలేదు.

"కాళ్ళు లాగేస్తున్నాయి, బయటికి పోనివ్వండి," అన్నాడు.

"నొప్పులొచ్చినప్పుడు పోదువుగాని," అంది ముసలమ్మ.

పోలీసులొచ్చారు. గయ్యాళిని జుట్టు పట్టి వ్యానెక్కించారు. "నా కోసం ఏడవకండి!" అని ఆమె కిటికీ ఊచల్లోంచి అరిచింది. "కడుపుతో ఉన్నవాళ్ళని ఆస్పత్రికి నడిపించండి!"

తడిచీరలతోనే గుంపు కదిలింది. రోడ్డంతా ఆడవాళ్ళే. వ్యాను వాళ్ళ వెనకే నత్తలా పాకింది. ఆస్పత్రి తలుపు దగ్గర కాపలావాడు ముక్కు మూసుకున్నాడు.

"మూసుకో నాయనా," అంది ముసలమ్మ. "తలుపు మాత్రం తియ్యి."

తలుపు తెరుచుకుంది. కడుపుతో ఉన్నవాళ్ళు లోపలికెళ్ళారు. మిగతావాళ్ళు వెనక్కి తిరిగొచ్చి వ్యాను చుట్టూ నిలబడ్డారు.

"దాన్ని దింపండి," అన్నారు. "దానికీ ఇవాళ పరీక్షుంది."