మూడో ఏడు

తొమ్మిది కావస్తోంది, పదింటికి ఊరి నడుమ షర్క్ నుంచి బస్సు, బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్నుంచి అమ్మాన్, అక్కడికి మన విమానాలొస్తాయట, ఇదంతా నిన్న బావకు రెండుసార్లు చెప్పాడు కదా తను, బావ తల ఊపాడు కదా, ఊపినవాడు తెల్లారేసరికి పక్క మీద లేడు, ఇంకెక్కడుంటాడు, ఊరి చివర సులైబియాలో, తనకు వీసా ఇచ్చిన కఫీల్ షెడ్డు వెనకగదిలో, మూడు ఏడులు పడితే డబ్బు కక్కే ఆ స్లాట్ మిషను ముందు, అనుకుంటూ దేవన్న వ్యాను సీటు అంచును పిడికిట్లో నలిపేస్తున్నాడు, దారిలో, దేశాన్ని ఆక్రమించిన ఇరాకీ సిపాయిల్లో ఒకడు తుపాకి మొనతో మణికట్టు చూపించి వాచీ విప్పించుకున్నాడు, వాడినేమీ అనలేకపోయాడు, ఆ కోపం కూడా బావ మీదికే మళ్లింది, వ్యాను నడుపుతున్న మహమ్మద్ గౌస్, కడప మనిషి, షెడ్డు ముందు ఆపి, అన్నా పది నిమిషాలే, ఇంజను ఆపను నేను, చెక్‌పోస్టు కాడ లైను పెరిగిందంటే బస్సు మన కోసరం నిలబడదు, అన్నాడు, పది నిమిషాలెందుకు, చొక్కా పట్టి ఈడ్చుకొస్తా, అక్క గంగామణి మొగుడని ఇన్నాళ్లూ ఊరుకున్నా, అక్క అక్కడ జగిత్యాలలో రేడియో ముందు కూర్చుని అన్నం మానేసి ఏడుస్తుంటే ఈయన ఇక్కడ ఏడులు లెక్కపెడుతున్నాడు.

లోపల పిల్లల వీడియో గేముల పెట్టెలు వరసగా, వాటిని బాగుచేయడమే ఎనిమిదేళ్లుగా దేవన్న పని, వాటి నడుమ దాచి కఫీల్ ఎక్కణ్నుంచో తెప్పించిన ఆ ఒక్క మిషను మాత్రం వెనకగదిలో, శుక్రవారాలు కూలివాళ్ల కోసం, బయటికి తెలిస్తే జైలే, దాని ముందు బావ శ్రీపతి, వెనక్కి తిరగకుండానే, ఆగు దేవన్నా, ఇంకొక్కటి, ఏడూ ఏడూ పడ్డయి, మూడోది జరంత మీదాగింది, వేలెడంతనే, దగ్గరికొచ్చింది, గిన్ని నెలలు మింగింది, ఇయ్యాల కక్కాలె, అంటూ నాణేన్ని అరచేతుల మధ్య రుద్ది వెచ్చచేస్తున్నాడు, దేవన్న ఆ చెయ్యి పట్టి ఆపాడు, ఏం దగ్గరికొచ్చింది బావా, దానికి దగ్గరా లేదు దూరమూ లేదు, లోపల గోరంత చిప్పుంటది, నువ్వాడినా ఆడకున్నా అంకెలు తిప్పుకుంటనే ఉంటది, నువ్వు పిడి గుంజిన ఆ రెప్పపాటున ఏ అంకె చిక్కితే గదే, చక్రాలు ఊకె నీ కండ్లకు, మెల్లగ గుంజినా గట్టిగ గుంజినా దానికి తెల్వది, నాణెం వెచ్చగున్నదా సల్లగున్నదా తెల్వది, నిన్న నువ్వు ఓడినవని గూడ తెల్వది, ఏదీ యాదుండదు దానికి, అరుస్తూనే గుత్తిలోంచి తాళంచెవి వెతికి మిషను తలుపు లాగాడు, చూడు, ఇగ చూడు.

నాణేలుండే గిన్నెలో అడుగు కనిపిస్తోంది, పొద్దుట్నుంచి బావ వేసిన గుప్పెడే, మిగతాదంతా ఇరాకీలొచ్చిన రోజే కఫీల్ సంచిలో దులుపుకుని సౌదీకి కారెక్కాడన్నమాట, మూడు ఏడులూ పడ్డా ఇచ్చేందుకు అందులో ఏమీ లేదు, శ్రీపతి ఆ గిన్నె వంక చూశాడు, పచ్చటి చిప్పు పలక వంక చూశాడు, కొట్టనూ లేదు తిట్టనూ లేదు, చేతిలో నాణేన్ని మిషను మీద పెట్టి, గిదంతా నీకెప్పటి సంది ఎరుక, అని అడిగాడు, మొదటి సంది, మరెందుకు జెప్పలే దేవన్నా, బయట గౌస్ హారను ఆపకుండా కొడుతున్నాడు, నడువ్ బావా, బస్సు పోతది, అన్నాడు దేవన్న, శ్రీపతి లేచి నడిచాడు, ముందు.

వ్యాను కదిలింది, కాలిన లారీలు, గోడల మీద గుండ్ల గుంతలు, చెక్‌పోస్టులో ఇద్దరే ముందున్నారు, బస్సు దొరుకుతుందిలే అని గౌస్ నిట్టూర్చాడు, శ్రీపతి కిటికీలోంచి ముఖం తిప్పలేదు, చెప్తే ఊకుంటడా కఫీల్, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కొట్టేసి ఆ వారమే పంపేవాడు, దేవన్న లోపల్లోపల జవాబులు పేర్చుకుంటున్నాడు, నేను ఆడమన్నానా, చిన్నపిల్లాడా ఆయన, అడిగితే చెప్పకపోదునా, అడిగితే, ఆ మాట దగ్గర మనసు కాలు జారినట్టు ఆగింది, అడిగాడు బావ, పోయిన రంజానుకు ముందు ఒక శుక్రవారం, గేటు దగ్గర, చేతిలో ఆ నెల జీతం కవరు పట్టుకుని, నువ్వు మెకానిక్‌వి గదా దేవన్నా, గిది ఇస్తదా, అని సూటిగా అడిగాడు, వెనకాల మన మాట అంతో ఇంతో తెలిసిన కఫీల్ వింటున్నాడు, తను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ నవ్వాడు, గిన్ని దినాలు ఇయ్యలే గదా బావా, ఇగ ఇస్తది, అన్నాడు, ఆ మాట పట్టుకునే కదా మనిషి ఇవాళ్టిదాకా కూర్చున్నది, పొద్దుట్నుంచీ తను పళ్లు నూరుతున్నది ఆ మాటన్నవాడి మీద.