ఇరవై ఏడు నిమిషాలు

హనుమకొండలోని ఆ ప్రైవేటు దవాఖానలో వినోదకు మర్నాడు పొద్దున ఆపరేషన్. పిత్తాశయంలో రాళ్లు. కడుపు మీద నాలుగు చిన్న రంధ్రాలు చేసి, కెమెరా దూర్చి పిత్తాశయాన్నే తీసేస్తామన్నారు. ఆమె మొగుడు కట్టయ్య చేతికి ఒప్పుకోలు కాగితమిచ్చి గంటయింది. సంతకం పడలేదు.

కట్టయ్య ముప్పై ఏళ్లుగా వరంగల్ మార్కెట్లో మిర్చి కొంటున్నాడు. బస్తా మూతి దగ్గర కాయ ఎంత మెరిసినా నమ్మడు. నడుమ కోయించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి కాయ తీసి చూస్తాడు.

కాగితం కోసం వచ్చిన చిన్న డాక్టర్ సౌమ్య, మంచం పక్కన కూర్చుని ఫోన్లో ఎవరో పెట్టిన వీడియో చూస్తోంది. కట్టయ్య మెడ సాచాడు.

"ఏందమ్మా అది?"

"రేపు చిన్నమ్మకు చేసే ఆపరేషనే కాకా. రాజేశ్వర్ రావు సార్ పక్కనుండి కొంత నాతోని చేయిస్తడు. ఒకసారి చూసుకుంటున్న."

"ఫోన్ల చూసి మా ఆమె కడుపు మీద నేర్చుకుంటవా?"

"గా పిల్లను సతాయించకు," మంచం మీంచి వినోద కసిరింది. "సంతకం పెట్టరాదు!"

"ఫికర్ చెయ్యకు కాకా. లక్షల మంది చూసిన్రు దీన్ని. చుక్క నెత్తురు లేదు, చూడు."

ఆ మాటకే కట్టయ్యకు అనుమానం ముదిరింది. కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"మల్ల పెట్టు. ఆ మూలకు అంకెలేంది?"

"టైమ్."

"పదకొండు పన్నెండు ఉండె. రెప్ప కొట్టేలోపల పదకొండు ముప్పై తొమ్మిదాయె. నడుమ ఇర్వై ఏడు నిమిషాలు ఏడ వోయినయ్ బిడ్డా?"

సౌమ్య నవ్వింది. "ఎడిట్ చేస్తరు కాకా. అంతసేపు ఎవరు చూస్తరు?"

"మూతికాడి కాయ చూపిచ్చుడు మాకు గూడ వస్తది. నడుమ ఏమున్నదో చూపియ్యమను."

సౌమ్య వెనక్కి జరిపి మళ్లీ చూసింది. ఈసారి నవ్వలేదు. పదకొండు పన్నెండుకు కాలేయం కింద శుభ్రంగా ఉంది. ముప్పై తొమ్మిదికి అక్కడ నెత్తురు ఆపడానికి బిగించే క్లిప్పులు మూడు అదనంగా ఉన్నాయి. నెత్తురు పీల్చే గొట్టం లోపలంతా ఎరుపు. పిత్తనాళం ఏదో గుర్తుపట్టి విడదీసే పని కూడా ఆ మధ్యలోనే పోయింది. ఆమె నేర్చుకోవలసింది అదే.

ఫోన్ పట్టుకుని పెద్ద డాక్టర్ రాజేశ్వర్ రావు గదిలోకి వెళ్లింది. పావుగంటకు తిరిగొచ్చింది.

"సార్ తను చేసిన ఆపరేషన్ రికార్డు ఇచ్చిండు కాకా. ఒక్క నిమిషం గూడ కట్ చెయ్యని వీడియో. నెత్తురు కారినప్పుడు ఏం చేసిండో గూడ ఉన్నదట. అది చూసినంకనే చెయ్యి పెట్టాలె అన్నడు. రేపు మొత్తం సారే చేస్తడు. నేను కెమెరా పట్టుకుంట."

"ఆ మాట సార్ నోటితోనే చెప్పాలె."

రాజేశ్వర్ రావు వచ్చి చెప్పాడు. కట్టయ్య కలం తీసి ఆగాడు.

"మా ఆమెది గూడ తీస్తరా వీడియో?"

"తీస్తం కాకా," అంది సౌమ్య.

"నాకు చూపియ్యాలె. మొత్తం."

"గంటన్నర కూసుంటవా?"

"దినమంత మిర్చి ఘాటుల కూసుంట. గిదెంత?"

సంతకం పెట్టాడు. పక్కన, గోడ గడియారం చూసి, ఐదూ నలభై అని రాశాడు. తర్వాత తన ఫోన్ తీసి టైమ్ సరిచూసుకున్నాడు. నలభై కొట్టేసి నలభై మూడు చేశాడు.