బోర్లించిన కప్పు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఇంకొంచెం. నా గొంతు ఈమధ్య బల్ల దాటి వినపడటం లేదు. ఆ తువ్వాలు అందుకో, నేను కడిగి ఇస్తాను, నువ్వు తుడువు. ఆగాగు, ఆ కప్పు బోర్లించకు. తుడిచి నిలబెట్టు. నా ఇంట్లో కప్పులు నిలబడే ఉంటాయి. ఎందుకో నీకెవరూ చెప్పి ఉండరు. అమ్మమ్మ మెట్లెక్కలేక పొలం ఇల్లు వదిలి ఊళ్ళోకి వచ్చేసిందని చెప్పి ఉంటారు. వచ్చే నెలలో నీ పెళ్ళి కదా, అసలు సంగతి నా నోటితోనే విను.

ఇది మీ టెస్సా అక్క మెడపట్టీతో మొదలైంది. నిరుడు థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి వచ్చినప్పుడు దాని మెడలో సన్నటి ఉక్కు పట్టీ ఉంది. వెనకవైపు చిటికెన వేలి గోరంత తాళం. ఏమిటే అంటే నగ అంది. నగకి తాళమెందుకు? వాళ్ళమ్మకి, అదే మీ పెద్దమ్మ కారల్‌కి, ఆ రోజు నుంచి కునుకు లేదు. డులూత్‌లో టెస్సా ఎవరితో ఉంటోందో నీకు తెలుసు, వేడ్ అని, ఇళ్ళల్లో హీటర్లు బాగుచేస్తాడు. అతనికి ఏవో కథల పుస్తకాల పిచ్చి. ఆకుపచ్చ సూర్యుడు పొడిచే లోకమట, అక్కడ మగవాళ్ళ చేతుల్లో కత్తులు, ఆడవాళ్ళ మెడల్లో పట్టీలు. ఆ లోకాన్ని నట్టింట్లో పెట్టుకుని కాపురం చేసే జంటలు చాలామందే ఉన్నారట. కారల్ ఇదంతా కంప్యూటర్లో చూసి నాకు ఫోను చేసింది.

"అమ్మా, నీ కంటి ఆపరేషన్ డులూత్‌లోనేగా. దాని దగ్గరే ఉండు. ఒంటి మీద చిన్న మచ్చ కనబడినా చెప్పు. బండేసుకొచ్చి దాన్ని ఎత్తుకొచ్చేస్తాను."

కంట్లో శుక్లం తీయించుకోవాలని మీ తాతయ్య డెల్మర్‌తో చెప్పాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండా, "మరి నా భోజనం?" అన్నాడు.

అలా వెళ్ళాను. ఒక కంటికి కట్టు, రెండో కన్ను రెండు కళ్ళ పనీ చేస్తోంది. టెస్సా నా కంట్లో మందు వేయటానికి వంగినప్పుడల్లా దాని మణికట్లు చూసేదాన్ని, మోచేతులు చూసేదాన్ని. ఏమీ కనబడలేదు. కనబడకపోతే నా అనుమానం ఇంకా పెరిగింది. కనబడే చోట కొట్టేంత తెలివితక్కువవాడిలా లేడు మరి. మంచు ఎత్తిపోసేవాడు, నా చెప్పులు హీటరు దగ్గర వెచ్చబెట్టి ఇచ్చేవాడు, "మీకు కాఫీలో పాలెంత?" అని అడిగేవాడు. పాలెంతో అడిగే మగవాణ్ణి నేనెప్పుడు చూశాను గనక నమ్మటానికి!

టెస్సా మొదటిరోజే మొహం మీద చెప్పేసింది. "అమ్మమ్మా, ఇది మా ఇల్లు. మేం ఒక పద్ధతిలో బతుకుతున్నాం. నీ ముందు ఆడి చూపించం, నీకోసం మానుకోం. భోజనమయ్యాక చూడటం ఇష్టం లేకపోతే నీ గదిలోకి వెళ్ళిపో."

వెళ్ళాను. తలుపు మాత్రం వేయలేదు.

అతను కుర్చీలో కూర్చున్నాడు. టెస్సా గొర్రెచర్మం మీద మోకాళ్ళేసి, చెక్కతో చెక్కిన కప్పు రెండు చేతులా పట్టుకుని, గుండెకి ఆనించుకుని, తల వంచి అందించింది. "దొరా" అంది. దొరట! మసి చేతుల దొర! అతను తాగి, "ఇక మాట్లాడు" అన్నాడు. అప్పటిదాకా నోరు విప్పకూడదన్నమాట. నా ఒళ్ళు మండిపోయింది. పగలంతా ఆ పిల్ల ప్రమాదాల ఫోన్లు తీసే ఆఫీసులో కూర్చుంటుంది. ఏ ఇంటికి ఏ అంబులెన్స్ ముందు వెళ్ళాలో అదే చెప్పాలి. దాని మాట మీద ప్రాణాలు నిలబడతాయి. అలాంటిది ఇంటికొచ్చి నేల మీద కూర్చుంటుందా? నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆవుల కింద కూర్చున్నాను. వాటి పాలు పితికాను, కోతలకొచ్చిన వాళ్ళందరికీ వండాను, చలికాలం బట్టలు గడ్డకట్టి కర్రల్లా నిలబడితే విరగకుండా లోపలికి మోశాను. పాల చెక్కు మాత్రం డెల్మర్ పేరునే వచ్చేది. మా అత్తగారైతే చెయ్యి ఖాళీగా కనబడితే చాలు, "ఆర్డిస్, నీ చేతులకి జబ్బా?" అనేది. పాల సంఘం విందులో ఎవరో పెద్దమనిషి ధరల గురించి నా అభిప్రాయం అడిగితే, డెల్మర్ నాకంటే ముందే అందుకున్నాడు. "దీనికి అభిప్రాయాలుండవండీ, ఓవెన్లో ఆపిల్ పైలుంటాయి." బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ బతుకు నా కూతుళ్ళకి వద్దనుకున్నాను, మనవరాలికి అసలే రాదనుకున్నాను. ఇప్పుడిది దాన్ని పుస్తకంలో చదివి తెచ్చుకుని, మెడకి తగిలించుకుని, తాళం వేయించుకుంది.

మర్నాడు బంగాళాదుంపలు తరుగుతూ అడిగాను. "ఎవడు మోకాళ్ళేయమన్నాడే నిన్ను?"

"నేనే అడిగాను. ఒప్పుకోవటానికి అతనికే ఆరు నెలలు పట్టింది."

"బాగా నేర్పించాడు చెప్పటానికి."

"అమ్మమ్మా, పగలంతా అందరికీ నేనే చెప్పాలి. సాయంత్రం ఒక్కసారి ఏమీ చెప్పకుండా ఉండటం నాకు స్నానం చేసినట్టుంటుంది. నీకు అర్థం కాకపోయినా పరవాలేదు."

"సరే, వద్దనిపిస్తే?"

"ఆ చెక్క కప్పు చూశావుగా? అది ఎప్పుడూ నిలబడే ఉంటుంది. నేను బోర్లిస్తే ఆగిపోవాలి. ఏ పనైనా, ఏ మాటైనా. ఎందుకని నేను చెప్పక్కర్లేదు."

"ఎప్పుడైనా బోర్లించావా?"

తరగటం ఆపింది. "అవసరం రాలేదు."

"మరి ఆగుతాడని ఎలా తెలుసు?"

మళ్ళీ చాకు అందుకుని, "నాకు తెలుసు" అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు. పెళ్ళికి ముందు నా గొంతూ అలాగే ఉండేది. మధ్యాహ్నం కారల్‌కి ఫోను చేశాను. "శనివారం బండి తీసుకురా. దీన్ని ఏదో ఒకటి చెప్పి ఎక్కిస్తాను."

కానీ శుక్రవారం సాయంత్రం నా చేతులే పని చెడగొట్టాయి. నేను ఊరికే కూర్చోలేను కదా. గొర్రెచర్మం పక్కన పీట మీద ఆ చెక్క కప్పు కనబడింది, అడుగున దుమ్ములా ఉంది. కడిగాను. నా జన్మంతా ఏ కప్పు కడిగినా ఏం చేశాను? నీళ్ళు కారిపోవాలని బోర్లించి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను. టెస్సా చెప్పిన మాట నా బుర్రకి గుర్తుంది గానీ చేతులకి లేదు.

వేడ్ వచ్చాడు. బూట్ల నిండా మంచు. గుమ్మంలోనే ఆ దొర గొంతు పెట్టి, "ఎక్కడ నా బందీ? వచ్చి నా బూట్లు..." అంటూ పీట వైపు చూశాడు.

మాట అక్కడే తెగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క అడుగు ముందుకు వేయలేదు. గోడ దాకా వెనక్కి జరిగి, జేబులోంచి చిన్న తాళంచెవి తీసి నేల మీద పెట్టి, వంటింటి వైపు తోశాడు. అప్పుడు చతికిలబడ్డాడు, ఆ తడి బూట్లతోనే.

"టెస్సా, చూశాను. ఆగిపోయాను. నేనేం చేశానో చెప్పాలనిపిస్తే చెప్పు. లేకపోతే చెప్పకు. నన్ను బయటికి వెళ్ళమంటావా?"

టెస్సా చేతిలో చాకుతో వచ్చింది. నేల మీద తాళంచెవి చూసింది, కప్పు చూసింది. "నేను పెట్టలేదు వేడ్."

"నేనే బాబూ," అన్నాను. "కడిగి బోర్లించాను."

టెస్సా పక్కున నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అతను నవ్వలేదు. "ఎవరు బోర్లించినా బోర్లించినట్టే. ఇవాళ్టికి దొర లేడు. ఆ పట్టీ తీసెయ్యి," అని బూట్లు విప్పి, వెళ్ళి మిగిలిన దుంపలు అతనే తరిగాడు.

నాకు అనుమానం పోయిందనుకోకు. ముసలిదాని ముందు నాటకమాడాడేమో అని కూడా ఆలోచించాను. ఒక్క సాయంత్రం మంచివాడు ఎన్నాళ్ళు మంచివాడుగా ఉంటాడో నేనెవర్ని చెప్పటానికి? మోకాళ్ళ మీద ఆడదాన్ని చూస్తే ఇప్పటికీ నేను మొహం తిప్పేసుకుంటాను. కానీ పక్క మీద పడుకున్నా ఒక సంగతి నన్ను వదల్లేదు. ఆ పిల్ల వద్దంటే ఏం చేయాలో అతనికి తెలుసు. ముందే ఇద్దరూ కూర్చుని ఆలోచించి పెట్టుకున్నారు. మా ఇంట్లో నేను వద్దంటే ఏం జరగాలో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాలని నాకే తోచలేదు.

శనివారం కారల్ బండేసుకొచ్చింది. "ఏదమ్మా, అది పెట్టె సర్దుకుందా?"

"దాన్ని వదిలెయ్. నన్నే ఇంటికి తీసుకెళ్ళు."

"నీకు కన్ను బాగయిందా, పాడయిందా?"

"దారిలో చెప్తా, పద."

దారంతా కట్టు లేని కన్నుతో మంచు చూస్తూ కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి మీ తాతయ్య బల్ల దగ్గర ఉన్నాడు. తొట్టినిండా నేను వెళ్ళినప్పటి నుంచీ తిన్న గిన్నెలు. కన్నెలా ఉందని అడగలేదు. తల ఎత్తలేదు. చెంచాతో కప్పు మీద రెండు దెబ్బలు కొట్టాడు, ఎప్పట్లాగే. కాఫీ పొయ్యమని.

కోటు గుండీలు విప్పకుండానే ఆ కప్పు తీసుకుని కడిగాను. తీసుకొచ్చి ఆయన ముందు బోర్లించి పెట్టాను.

"ఇదేంటి?" అన్నాడు.

"నేను వద్దంటున్నాను డెల్మర్."

"ఏం వద్దు?"

"ఏం వద్దో చెప్పకుండానే ఆగుతావేమో చూద్దామని పెట్టాను."

ఆయన నా మొహం చూశాడు. నిజంగా చూశాడు, అబద్ధం చెప్పను. నేను ఎదురుచూశాను. గుమ్మంలో పెట్టె పట్టుకుని కారల్ నిలబడి ఉంది, అదీ చూస్తోంది. అప్పుడు ఆయన చెయ్యి చాపి, కప్పు తిప్పి నిలబెట్టి, మళ్ళీ చెంచాతో కొట్టాడు.

"కారల్," అన్నాను, "ఆ పెట్టె మళ్ళీ బండిలో పెట్టు."

అదమ్మా. ఇంకో కప్పు తుడువు. పెళ్ళయ్యాక మీ ఇద్దరూ ఏ ఆట ఆడుకుంటారో, ఎవరు కూర్చుంటారో ఎవరు నిలబడతారో నాకనవసరం. కానీ పెట్టెలు విప్పకముందే మీ కప్పు ఏమిటో మాట్లాడుకోండి. ఇది నీతోనే ఆపకు, మీ చెల్లికి చెప్పు, నీకు కూతురు పుడితే దానికీ చెప్పు. పట్టీ సంగతి మర్చిపోయినా పరవాలేదు, ఆకుపచ్చ సూర్యుణ్ణి వదిలేసినా పరవాలేదు. ఒక్క ముక్క మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి: నేను బోర్లించాను, ఆయన తిప్పాడు.