నిండు ట్యాంకుతో ఆగే బండి

దేవానందం బొల్లాపల్లి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాత్రం ఆయన్నే డాక్టరు గారనేవాళ్ళు. గొడ్డుకి జబ్బు చేస్తే మందుల పెట్టె కట్టుకుని మోటార్ సైకిల్ మీద వచ్చేది ఆయనే మరి. ఎనభై నాలుగులో ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నల్లటి బరువైన బండి. గుంటల దారుల్లో కూడా ఏడాది పాటు నోరెత్తకుండా మోసింది.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో దానికొక వింత జబ్బు పట్టుకుంది. ఊరు దాటి పదిహేను కిలోమీటర్లు నిక్షేపంగా పోయేది. అక్కడ రెండుసార్లు దగ్గి, ఆగిపోయేది. పావుగంట తర్వాత కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు లేచేది. ఇంకో పదిహేను కిలోమీటర్లకి మళ్ళీ అదే వరస.

ఆదివారం ప్రార్థన అయ్యాక దేవానందం నరసరావుపేటలో మజీద్ షెడ్డుకి వెళ్ళేవాడు. అబ్దుల్ మజీద్ పాతికేళ్ళ నుంచి మెకానిక్కు. చప్పుడు విని రోగం చెబుతాడని పేరు. ఆ షెడ్డు ముందు బెంచీ మీద ఇంకో ఇద్దరు బండ్లవాళ్ళు తప్పకుండా ఉండేవాళ్ళు. ఒకరు హైస్కూల్లో లెక్కలు చెప్పే నెహెమ్యా మాస్టారు. రెండో ఆయన అమరేశ్వరరావు, పురుగుమందుల కంపెనీ మనిషి, పల్నాడంతా బండి మీదే తిరుగుతాడు. సలహా అడగకపోయినా ఇచ్చేస్తాడు.

"కాయిల్ కాలుతోంది డాక్టర్ సాబ్," అన్నాడు మజీద్. "ఆగినప్పుడు తడిగుడ్డ చుట్టు."

"ప్లగ్గే. ఊడదీసి గీకండి. నా మాట వినండి," అన్నాడు అమరేశ్వరరావు.

"పెట్రోల్లో నీళ్ళు చేరాయేమో. మూత తీసి చూసి, ట్యాంకు బాగా ఊపు," అన్నాడు నెహెమ్యా మాస్టారు.

దేవానందం మూడూ చేశాడు. చిత్రమేమంటే మూడూ పనిచేశాయి. తడిగుడ్డ చుడితే లేచింది. ప్లగ్గు గీకితే లేచింది. మూత తీసి ట్యాంకు ఊపితే వెంటనే లేచింది. ఎవరికి వాళ్ళు తమ మాటే నిజమైందని సంబరపడ్డారు. ఒకరోజు దేవానందం విసుగుపుట్టి ఏమీ చెయ్యకుండా గట్టు మీద కూర్చుని, కంది చేలోకి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడూ లేచింది.

మజీద్ కాయిల్ మార్చాడు. కండెన్సర్ మార్చాడు. కార్బురేటర్ విప్పి, ఊది, బిగించాడు. షెడ్డులో గంటసేపు స్టార్ట్ చేసి నిలబెట్టాడు. అక్కడ ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

"నా ముందు ఆగదేంది ఇది?" అని మజీద్ బండి వైపు అదోలా చూశాడు. "దీనికి నేనంటే భయమా?"

పశువుల జ్వరాలు రాసుకునే అలవాటున్న మనిషి గనక, దేవానందం బండి ఆగినప్పుడల్లా ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. ఎంత దూరం, ఎండా వానా, పెట్రోలు ఎంత. రెండు నెలలకి ఆ రాతల్లో ఒక సంగతి కనబడింది. నమ్మబుద్ధి కాక ముందునుంచీ మళ్ళీ చదివాడు.

"ట్యాంకు నిండా పోయించుకున్న రోజు తొందరగా ఆగుతోంది. అడుగున కాస్తే ఉన్న రోజు ఎక్కువ దూరం పోతోంది," అన్నాడు ఆదివారం.

మజీద్ పడీ పడీ నవ్వాడు. "కడుపు నిండితే నిద్రపోయే బండి యాడన్నా ఉందా సాబ్?"

నెహెమ్యా మాస్టారు మాత్రం పుస్తకం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, అంకెలన్నీ చూశాడు. "తప్పేం లేదు మజీదూ. నిజంగానే అట్లా ఉంది," అన్నాడు. కారణం మాత్రం ఆయనకీ అందలేదు.

డిసెంబరులో ఒక పొద్దున, పీరాంబీ అనే ఆమె బర్రె ఈనిన మర్నాడే పడిపోయిందని కబురొచ్చింది. ఆ ఇంటికి ఆ బర్రె పాలే ఆధారం. దేవానందం పెట్రోలు నిండా పోయించుకుని బయల్దేరాడు. దారిలో బండి ఆగనే ఆగింది. వెళ్ళేసరికి బర్రె మెడ పక్కకి తిప్పి డొక్కలో పెట్టుకుని పడుకునుంది. చెవులు చల్లగా ఉన్నాయి. ఈనాక ఒంట్లో కాల్షియం పడిపోయి వచ్చే పాలజ్వరమని చూడగానే తెలిసింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదు.

కాల్షియం సీసా తీసి, మూతలోకి గొట్టం సూది గుచ్చి, తలకిందులుగా పీరాంబీ చేతికిచ్చాడు. మెడ నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. కాసేపు దిగింది. తర్వాత బొట్టు బొట్టుగా పడి, ఆగిపోయింది.

"మందు ఇంకా ఉందిగా డాక్టరు బాబూ. ఎందుకు ఆగింది?" అని ఆమె కంగారుపడింది.

తొందరలో రెండో సూది గుచ్చడం మర్చిపోయానని దేవానందానికి అప్పుడు తట్టింది. పెట్టెలోంచి ఇంకో సూది తీసి సీసా మూతకి గుచ్చాడు. సీసాలో బుడగలు లేచాయి, మందు దిగసాగింది.

పీరాంబీ ఆ బుడగల్నే చూస్తోంది. "ఈ సూదిలోంచి మందు పోవట్లేదే. మరి దీంతో పనేంది?"

"గాలి లోపలికి పోవాలి పిన్నీ. దిగిన మందు జాగాలోకి గాలి రాకపోతే, మిగిలింది కిందికి దిగదు."

"అంటే మందు ఉన్నా రాదన్నమాట."

"రాదు," అన్నాడు. అని, గబుక్కున వాకిట్లో ఉన్న బండి వైపు తల తిప్పాడు.

లేచి బండి దగ్గరికి పరిగెత్తాలనిపించింది. కాని ఆ మందు గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఒక చెయ్యి బర్రె గుండె మీద పెట్టి, నెమ్మదిగా, అరగంట సేపు ఎక్కించాడు. బర్రె మీద కన్ను, బండి మీద మనసు. చివరికి బర్రె వణికి, ముందుకాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడింది. పీరాంబీ దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

తిరుగు దారిలో, జీవితంలో మొదటిసారి, బండి ఎప్పుడాగుతుందా అని ఎదురుచూశాడు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఆగింది. కిక్కు కొట్టలేదు, తిట్టుకోలేదు. దిగి, ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టి, మెల్లగా తిప్పాడు.

సుయ్యిమంటూ గాలి లోపలికి పోయింది.

మూత తిరగేసి చూశాడు. లోపలివైపు నల్లటి రబ్బరు ముక్క బిళ్ళలా అతికి ఉంది. వానాకాలం మొదట్లో, పెట్రోలు చింది ప్యాంటు తడుస్తోందంటే అమరేశ్వరరావు పాత ట్యూబు కత్తిరించి స్వయంగా పెట్టిన ముక్క అది. చాకుతో లేపితే, దాని కింద మూతలో చిన్న రంధ్రం కనబడింది. పెట్రోలు దిగినకొద్దీ గాలి లోపలికి పోయే దారి అదే; నిండు ట్యాంకులో ముందే గాలి తక్కువ గనక, ఆ దారి మూస్తే బండి ఇంకా తొందరగా ఆగేది. రబ్బరు జేబులో వేసుకుని బండెక్కాడు. ఇంటిదాకా ఎక్కడా ఆగలేదు. ఆనందం పట్టలేక ఇల్లు దాటి ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయి వచ్చాడు.

ఆదివారం ఈ కథంతా విన్న మజీద్ మూత చేతిలోకి తీసుకుని రంధ్రంలోంచి ఆకాశం చూశాడు. ఆరు నెలలు వెతికినవాడు మాట మీద నమ్మేట్టు లేడు.

"ఆ రబ్బరు మళ్ళీ పెట్టు," అన్నాడు. "నా చెవులతో వినాలి."

రబ్బరు పెట్టి, ట్యాంకు నింపి, నలుగురూ మూడు బండ్ల మీద పిడుగురాళ్ళ దారి పట్టారు. నెహెమ్యా మాస్టారు గడియారం చూసుకుంటూ వచ్చాడు. దేవానందం వెనక కూర్చున్న మజీద్ ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా "ఇంకా ఆగలేదే" అని బెంగపడ్డాడు. పదమూడు దాటాక బండి దగ్గి ఆగింది. మజీద్ దూకి ట్యాంకుకి చెవి ఆనించి, మూత తిప్పాడు. ముఖమంతా నవ్వయింది. "అల్లా! ఇంతేనా!" అని, మూత మళ్ళీ బిగించి, మళ్ళీ తిప్పి, ఇక చప్పుడు రాకపోయినా వింటూనే ఉన్నాడు.

అమరేశ్వరరావు మాత్రం దూరంగా నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏందండీ అట్లున్నారు? తెలియక చేసిందేగా," అన్నాడు దేవానందం.

"మీ ఒక్కరికే కాదు," అన్నాడాయన మెల్లగా. "ఇంకో ఎనిమిది బండ్లకి పెట్టాను."

తర్వాతి ఆదివారాలు అమరేశ్వరరావు తన రబ్బరు ముక్కలు తాను ఏరుకోవడానికి తిరిగాడు. ఒక్కడే పోవడానికి మొహం చెల్లక దేవానందాన్ని తోడు తీసుకెళ్ళాడు. దేవానందానికీ పోవాలనే ఉంది. ఎవరు ఏ కారణం అనుకున్నారో వినాలని ఆయన కోరిక. అచ్చంపేటలో ఒకాయన కొత్త ప్లగ్గులు నాలుగు జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. గురజాలలో ఒకాయన ఫలానా మలుపు దగ్గర ఏదో ఉందని దారే మార్చుకున్నాడు. అమరేశ్వరరావు ప్రతిచోటా తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. మొదటిచోట కష్టమైంది గాని, పోనుపోను తేలికైంది.

దుర్గిలో జానకిరామయ్య అనే శిల్పి దగ్గరికి వెళ్ళారు. పెరట్లో సగం చెక్కిన నంది ముందు కూర్చుని ఉన్నాడు. సంగతి విని ఆశ్చర్యపోయాడు.

"నా బండి ఎప్పుడూ ఆగలేదే!"

దేవానందం వెళ్ళి మూత తీశాడు. రబ్బరు అలాగే ఉంది. కాని దాని మధ్య, సరిగ్గా మూత రంధ్రం ఉన్నచోట, గుండుసూది పట్టేంత చిల్లు ఉంది.

"ఈ చిల్లు ఎవరు పెట్టారు?" అని అడిగాడు అమరేశ్వరరావు.

"నేనే. మీరు పెట్టి వెళ్ళాక చూస్తే, మూతకి ఉన్న రంధ్రం మూసుకుపోయింది. అది ఎందుకుందో నాకు తెలియదు. కాని అంత గట్టి రేకుకి ఎవరూ ఊరికే చిల్లు పొడవరుగదండీ. ఎందుకో పెట్టుంటారని నేనూ పొడిచా."

అమరేశ్వరరావు ఆ చిల్లు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత జానకిరామయ్య పక్కన కింద కూర్చుని, "ఈ నంది చెవి ఇంత లోతుగా ఎందుకు తొలిచారు?" అని అడిగాడు. ఆయన సలహా ఇవ్వకుండా ప్రశ్న అడగడం దేవానందం అంతకుముందెప్పుడూ వినలేదు. జానకిరామయ్య ఉలి పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. మాచర్లలో ఇంకా రెండు బండ్లు మిగిలున్నాయి గాని, వాళ్ళిద్దరూ పొద్దు వాలేదాకా అక్కడి నుంచి లేవలేదు.